లూపే బరువు

పొద్దున్నే కోళ్లు కూసే వేళకి ఫువాతీనో కూతురు లూపేని ఎడమపక్కకి తిప్పేది. పొయ్యి అంటించి, కోకో మరిగించి, వాకిట్లో రాలిన సీమపనస ఆకులు ఊడ్చేసి వచ్చి కుడిపక్కకి తిప్పేది. రెండు గంటలకోసారి తిప్పకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో ఇదే వరస. లూపే చనిపోయి నలభై రోజులు దాటినా వరస మారలేదు. పిల్ల పోయింది గానీ పిల్ల బరువు పోలేదు.

ఆ సంగతి ముందుగా తెలిసింది శవపేటిక మోసిన నలుగురికి. ఎత్తబోతే అది ఖాళీ బుట్టలా పైకి లేచింది. వాళ్లలో ఒకడు వెనక్కి తూలి, "బరువు ఇంట్లోనే వదిలేసిందిరా పిల్ల" అన్నాడు. మిగతావాళ్లు అవునవునని, చర్చి దాకా ఒంటిచేత్తో మోసుకెళ్లారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. పోయేవాళ్లు అన్నీ సర్దుకుని పోరు కదా. ఫువాతీనో మామగారు తన దగ్గు వదిలి వెళ్లాడు, అది ఆరు నెలలు పెరట్లో తిరిగింది. లూపే తన పద్దెనిమిది కిలోలూ చాప మీద వదిలి వెళ్లింది. తల దగ్గర చిన్న గుంట, తుంటి దగ్గర పెద్ద గుంట. కనబడేది అంతే. కానీ మెడకిందా మోకాళ్ల కిందా చేతులు పెట్టి ఎత్తితే మొత్తం పిల్ల తగిలేది, ఆ బిగుసుకుపోయిన కాళ్లతో సహా.

ఆ ఊరికి చావంటే ఉన్న ప్రేమ బతుకు మీద లేదు. లూపే పోయిన మర్నాడు పక్కనున్న సవాయి దీవిలోని చుట్టాలూ, చుట్టాల చుట్టాలూ బారులు తీరి వచ్చారు. డబ్బా చేపల పెట్టెలు తెచ్చారు, పందులు తెచ్చారు, చావింటికి కానుకగా ఇచ్చే మర్యాద చాపలు విప్పి, ఎత్తి పట్టుకుని వాకిలంతా ఊరేగించారు. ఆ చాపల్లో ఒకటి అంతకుముందు మూడు చావులకి వచ్చిందే. దాని మూలనున్న తేనీటి మరక ఫువాతీనోకి బాగా గుర్తు. ఊరి తరఫున సభల్లో మాట్లాడే సిమానూ కర్ర మీద ఆనుకుని గంటసేపు ఉపన్యాసం ఇచ్చాడు. మొదలుపెట్టే ముందు పక్కవాణ్ణి, "పిల్ల పేరేంటి?" అని అడగడం ఫువాతీనో చెవిన పడింది.

బతికి ఉండగా ఆ పిల్లని గంటసేపు ఎత్తుకున్నవాళ్లు ఆ జనంలో ఒక్కరు లేరు. ఎవరి సాకు వాళ్లకుంది. ఆ పిల్లని చూస్తే నా గుండె తట్టుకోదు అనేవాడు సిమానూ. పందిని కోసేటప్పుడు అదే గుండె బాగానే తట్టుకునేది. రోజూ ప్రార్థనలో తలుచుకుంటున్నాం అనేది పాస్టరు గారి భార్య. కన్నతండ్రి పెనియమీనా అయితే పిల్లకి మూడో ఏడు రాగానే, దుంపలు నాటి వస్తానని అక్కగారి ఊరికి వెళ్లాడు. ఇంకా నాటుతూనే ఉన్నాడు. అందరికన్నా ఘనురాలు ఎపెనేసా, ఊరి పెద్ద భార్య, ఆడవాళ్ల కమిటీకి ప్రెసిడెంటు. ఆవిడ ఒకసారి వాకిట్లో నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండా, "మోయగలిగిన వాళ్లకే ఇస్తాడమ్మా దేవుడు" అని ఓదార్చింది.

"అయితే నేను కాస్త నీరసంగా పుట్టి ఉండాల్సింది" అంది ఫువాతీనో. ఆ మాట ఊళ్లో చాలాకాలం తిరిగింది. ఫువాతీనోకి పొగరు అని తేల్చారు.

పొగరే. కాదని ఆమె ఎప్పుడూ అనలేదు. వాళ్లని చూసి ఏవగించుకోవడం ఆమెకి కోకో తాగినంత అలవాటయిపోయింది. అది కూడా లేకపోతే ఆ పదకొండేళ్లూ ఏ ఆధారంతో నిలబడేది?

మూడు నెలలకోసారి కమిటీ ఆడవాళ్లు ఊరంతా తనిఖీకి వచ్చేవారు. అందరూ ఒకే రంగు బట్టలు కట్టి, ముందు ఎపెనేసా ఈల ఊదుతూ నడుస్తుంటే, వెనక బాతుల్లా బయల్దేరేవారు. ప్రతి ఇంట్లోనూ చాపలు, దిళ్లు, దోమతెరలు, పళ్లేలు పరిచి చూపించాలి. నాలుగిళ్లకీ కలిపి ఉన్న ఒకే మంచి దోమతెర, తనిఖీ వాళ్లకన్నా ముందు పెరటిదారిన ఇంటింటికీ పరిగెత్తేది. చూసేవాళ్లకీ తెలుసు, చూపించేవాళ్లకీ తెలుసు. ఏ ఇంట్లోనైనా లోపం కనబడితే స్తంభానికి ఎర్రగుడ్డ కట్టేవారు. కట్టాక, మర్నాడు కమిటీ మొత్తం ఆ ఇంటికి దిగి, ఆ లోపాన్ని తమ చేతులతో సరిచేయాలి. ఊరంతా చూస్తుండగా. సరయ్యేదాకా ఇంకో పని ముట్టుకోకూడదు. అంతకన్నా తలవంపు ఆ ఊళ్లో ఇంకోటి లేదు. తొమ్మిదేళ్ల కిందట కమిటీ చేత గిన్నెలు తోమించుకున్న ఇంటివాళ్లని ఇప్పటికీ గిన్నెలవాళ్లు అనే పిలుస్తారు.

ఆ నెల తనిఖీ ఫువాతీనో ఇంటికి వచ్చేసరికి ఆమె లూపే పక్కన కూర్చుని కాళ్లు సాగదీస్తోంది. లేవలేదు.

ఎపెనేసా చాప వంక చూసి ముఖం చిట్లించింది. "ఈ చాప ఎత్తి దులిపి ఎన్నాళ్లయింది?"

"పదకొండేళ్లు."

"కింద చీమలు గూళ్లు పెడతాయి. ఎత్తు."

"మీరే ఎత్తండి, ప్రెసిడెంటు గారూ. మోయగలిగిన వాళ్లు కదా."

వెనకున్న ఆడవాళ్లు స్తంభాల వంక, కప్పు వంక చూశారు. ఇబ్బందిగా ఉన్నప్పుడల్లా వాళ్లు చూసేది అక్కడే. ఎపెనేసా వంగి చాప మూల పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. చాప కదల్లేదు. రెండోసారి గుంజింది. నడుం పట్టేసి, ముఖం ఎర్రబడి, లేచి నిలబడింది.

"పిల్ల బరువు ఇంకా ఉంచుకున్నావన్నమాట" అంది, వానకి బట్టలు తడిశాయన్నంత మామూలుగా. "ఉంచుకుంటే ఉంచుకో. ఇల్లు ఇల్లులా ఉండాలి. లోసా, గుడ్డ కట్టు."

లోసా ఆవిడ చిన్నకోడలు. ఇరవై రెండేళ్లుంటాయి. మొగుడు చేపల ఓడ మీద పని, ఏడాదికోసారి వస్తాడు. ఆ పిల్ల ఒక చేత్తో ఎర్రగుడ్డ కట్టలేక తంటాలు పడుతోంది, రెండో చేతిలో ఐదు నెలల మగపిల్లాడు ఉన్నాడు. వాడి తల తల్లి భుజం మీంచి తడిబట్టలా వేలాడుతోంది. బొటనవేళ్లు రెండూ పిడికిళ్ల లోపలికి ముడుచుకుని ఉన్నాయి.

"నిద్రమొద్దు వెధవ. అచ్చం వాళ్ల తాతే" అంది ఎపెనేసా అందరికీ వినబడేలా.

ఫువాతీనో ఆ బొటనవేళ్లు చూసింది. ఇంకేం చూడక్కర్లేదు. లూపేకి ఐదో నెలలో తను చూసి, ఎవరూ ఏమీ అనకపోతే ఏమీ కాదని సర్దిచెప్పుకున్న వేళ్లవే. నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. తెలుసుకోనీ, వాళ్లంతట వాళ్లే తెలుసుకోనీ, పెద్ద ఇంట్లోనూ ఒకటి పుట్టిందని తెలియనీ అనుకుంది. ఆ ఆలోచన ఆమెకి తియ్యగా తగిలింది. తర్వాత దానికి సిగ్గుపడింది గానీ, అప్పుడు కాదు.

మర్నాడు పన్నెండుమంది దిగారు. చీపుర్లు, బొక్కెనలు పట్టుకుని. రోడ్డవతల పిల్లలు, ముసలివాళ్లు తీరిగ్గా కూర్చున్నారు చూడ్డానికి. ఫువాతీనో స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకుంది. చాప నాలుగు మూలలూ నలుగురు పట్టుకున్నారు. ఎపెనేసా ఈల ఊదింది. లేపారు. చాప మధ్యలో జారి, బరువంతా ఒకపక్కకి దొర్లి, బిగుసుకుంది. పద్దెనిమిది కిలోలు ఎనభై అయ్యాయి. ఆడవాళ్లు మూలిగారు.

"అదేంటే, రాయిలా అయిపోయింది!"

"లాగండే, ఇంకాస్త లాగండి!"

ఫువాతీనో చూస్తూ నిలబడింది. పదకొండేళ్లలో ఎవరూ అడగలేదు, ఎలా ఎత్తుకోవాలో. ఇప్పుడూ అడగరు. వెధవ ముఖాలు. చాపని చేపల వలలా లాగుతున్నారు. లాగనీ, నడుములు విరగనీ అనుకుంది. కానీ లూపే అలా ఎప్పుడు బిగుసుకుంటుందో ఆమెకి తెలుసు. భయపడినప్పుడు.

"మెడ!" అని అరిచింది. "మెడ కింద చెయ్యి పెట్టండే, బుద్ధి లేనివాళ్లారా! పందినా మీరు మోస్తున్నది? ఒకళ్లు మెడ, ఒకళ్లు తుంటి, ఒకళ్లు మోకాళ్లు. గట్టిగా పట్టుకోకు, ఆనించు. కాసేపు ఆగు. అది వదులయ్యేదాకా ఆగు. ఆ. ఇప్పుడు ఎత్తు."

ముగ్గురు ఆగారు. బరువు వదులైంది. ఎత్తారు. పందులూ పెట్టెలూ ఎన్ని మోశారో గానీ, తమ మోచేతి మీద తల ఆనించే బరువు ఒకటి పదకొండేళ్లు పక్కింట్లో ఉందని వాళ్ల చేతులకి అప్పుడే తెలిసింది. మిగతావాళ్లు గబగబా చాప దులిపి, కింద తుడిచి, కొత్త చాప పరిచారు. మళ్లీ పడుకోబెట్టారు. వెంటనే కొత్త చాపలోనూ గుంటలు పడ్డాయి.

"సరి కాలేదు" అంది ఒకామె నెమ్మదిగా.

కాలేదు. సరయ్యేదాకా ఇంకో పని ముట్టుకోకూడదన్నది వాళ్లు పెట్టుకున్న నియమమే. ఎపెనేసా గుడ్డ విప్పేద్దామంటే, విప్పితే తన మాట పోతుంది. విప్పకపోతే పన్నెండుమందీ ఇక్కడే. ఊరంతా చూస్తోంది. చివరికి, తప్పక, రోజుకొకరు వంతు వేసుకుందాం అంది. పాస్టరు గారికి భోజనం పంపడానికి వంతులు వేసుకోవడం వాళ్లకి అలవాటే గనక, ఆ పని అయిదు నిమిషాల్లో తేలింది. తన వంతు ఆఖర్న పెట్టుకుంది.

"నాకెవరి దయా అక్కర్లేదు" అంది ఫువాతీనో.

"దయ ఎవరికుందిక్కడ? కమిటీ పని" అంది ఎపెనేసా.

అలా రోజుకొకరు రాసాగారు. మొదటామె బరువుని ఒళ్లో పెట్టుకుని బిక్కచచ్చిపోయి కూర్చుంది. రెండో ఆమె పాట పాడింది, శ్రుతి లేదు. మూడో ఆమె వాగుడు భరించలేక ఫువాతీనో పెరట్లోకి పారిపోయింది. అక్కడ బరువు లేని చేతులు వాటంతటవే పైకి తేలుతుంటే ఏం చెయ్యాలో తోచక బావి గట్టు మీద కూర్చుని ఏడ్చింది. నలభై రోజుల్లో ఏడవడానికి ఆమెకి తీరిక దొరికింది అప్పుడే. తన బిడ్డ పోయింది. తిప్పుతూ, తుడుస్తూ, ఆ మాట తనకి తను చెప్పుకోనే లేదు.

పదో రోజు లోసా వచ్చింది. ఒక తొడ మీద లూపే బరువు, ఇంకో తొడ మీద పిల్లాడు. కాసేపు అటూ ఇటూ చూసుకుంది.

"అక్కా, మీ లూపేకి తల ఎప్పుడు నిలబడింది?"

ఫువాతీనో పీచు వలుస్తున్న కొబ్బరికాయ పక్కన పెట్టింది. "నిలబడలేదు."

"వీడికి?"

"వీడికీ నిలబడదు. నడవడు కూడా. నాకు ఆ రోజే తెలుసు. చెప్పలేదు. మీ అత్త మీద కసితో చెప్పలేదు."

"నాకూ తెలుసు" అంది లోసా.

"మరెందుకడిగావే?"

"ఒక్కళ్లయినా పైకి అంటారేమోనని." పిల్లాడి నోరు తుడిచింది. "సోమవారం పడవకి నన్ను మా ఊరు పంపించేస్తోంది అత్త. గాలి మార్పట. అమ్మ లేదు, అక్కడుండేది మా మారుటి తండ్రి ఒక్కడే. ఎన్నాళ్లుండాలి అని అడిగితే, పిల్లాడు నడిచాక రా అంది."

ఫువాతీనోకి నవ్వు వచ్చింది, పాడు నవ్వు. ఆ నవ్వు గొంతులోనే తిరిగి చేదెక్కింది. పదకొండేళ్లు ఆ పిల్ల ముందు పరిచి ఉన్నాయి. రెండు గంటలకోసారి, ఎవరూ రాని ఇంట్లో. చివరికి అక్కడా పందులూ చాపలూ ఊరేగుతాయి కాబోలు.

శనివారం ఎపెనేసా వంతు. ఊళ్లో అందరూ ఆదివారం వంట ఉడికించుకోడానికి పొయ్యిల్లో రాళ్లు కాల్చుకుంటున్నారు. ఆవిడ పట్టుబట్టలతో, మెడలో ఈలతో వచ్చి, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఫువాతీనో బరువు ఎత్తి ఆవిడ ఒళ్లో పెట్టి, ఎదురుగా స్తంభానికి జేరబడింది.

"ఎంతసేపు?"

"రెండు గంటలు. తర్వాత తిప్పాలి."

"తిప్పేది నువ్వేగా."

"నా వంతు కాదు."

కాసేపటికి ఎపెనేసా మోచెయ్యి కొద్దిగా కిందికి వంగింది. "తల ఇటు వాలుస్తోంది" అంది, ఎవరి మీదో ఫిర్యాదు చేస్తున్నట్టు.

"అలిసిపోతే అంతే. పక్కనున్నవాళ్లు ఎవరని చూడదు."

"నేను దీన్ని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు కదూ."

"ఎత్తుకున్నారు. బాప్టిజం రోజున, ఫోటో కోసం. ఫోటో అవగానే ఇచ్చేశారు. ఫోటో బాగా వచ్చింది."

ఎపెనేసా ముఖం తిప్పుకుంది. ఫువాతీనో వదల్లేదు. "సోమవారం లోసాని పంపేస్తున్నారట."

"అది మా ఇంటి విషయం."

"అక్కడ అది కాళ్లు చాపుకోవాలంటే పిల్లాణ్ణి ఎవరు అందుకుంటారు?"

"వాడికేం లేదు. బద్ధకం. కొందరు పిల్లలు ఆలస్యంగా..."

"మీ ఒళ్లో ఉన్నదానిక్కూడా బద్ధకమే అన్నారు మీరు. ఆలస్యంగా నడుస్తుందన్నారు. ఎదురుచూశాం. ఇంకా చూడమంటారా?"

నీడ స్తంభం దాటి వాకిట్లోకి జరిగింది. ఎపెనేసా తొడలు వణకడం మొదలుపెట్టాయి. ముందు ఒకపక్కకి వాలింది, తర్వాత రెండోపక్కకి. బరువు కూడా ఆవిడతోపాటు బిగుసుకుంది. నుదుటి చెమట కళ్లలోకి దిగుతుంటే తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.

"కాళ్లు తిమ్మిరెక్కాయి ఫువాతీనో. లేవలేకపోతున్నాను."

"అవును. లేవలేరు."

"ఎవరినైనా పిలువు."

"మీరే పిలవండి."

ఎపెనేసా గడ్డంతో ఈల తాడుని లాక్కోబోయింది.

"ఈలకి రారు. పేరు పెట్టి పిలవాలి" అంది ఫువాతీనో. "నేను పదకొండేళ్లు పిలిచాను. అలవాటు లేకపోతే మొదట్లో గొంతు రాదు. ప్రయత్నించండి."

ఎపెనేసా ఊరి మీద పెత్తనం చేసింది గానీ ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. రెండుసార్లు నోరు తెరిచి మూసింది. చివరికి, "లోసా" అంది. అది తన గొంతులాగా లేదు. ఇంకోసారి, గట్టిగా, ఏడుపు కలిసిపోయి, "లోసా! అమ్మా, రావే! నావల్ల కావడం లేదే!" అని అరిచింది. గోడలు లేని ఇళ్లు. ఊరంతటికీ వినబడింది. కాలుతున్న రాళ్లు అలాగే వదిలేసి ఆడవాళ్లు లేచారు.

లోసా పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతుల్లో పిల్లాడు. అత్తగారి ముఖం చూసి, ఇంకేం ఆలోచించకుండా, వాణ్ణి ఎదురుగా ఉన్న చేతుల్లో పెట్టేసి మోకాళ్ల మీద కూలబడింది. ఎదురుగా ఉన్న చేతులు ఫువాతీనోవి. ఇంక జన్మలో ఏ పిల్లనీ ముట్టుకోనని ఆమె లూపే పోయిన రోజే ఒట్టు వేసుకుంది. వేళ్లు ఆ ఒట్టు వినలేదు. మెడ కిందికి వాటంతటవే వెళ్లిపోయాయి. వెచ్చగా ఉన్నాడు వాడు. ఊపిరి తీస్తున్నాడు. ఒక కన్ను ఆమె మీద, ఒక కన్ను కప్పు మీద పెట్టి చూశాడు. పిడికిలి కొద్దిగా సడలి, బొటనవేలు బయటికి వచ్చింది.

"వాణ్ణి ఇలా ఇవ్వు" అంది ఎపెనేసా.

"ఒళ్లో లూపే ఉంది కదా."

"లేదు." ఆవిడ తన ఒడి వంక చూసుకుంది. లోసా చేతులు గాల్లో తడుముతున్నాయి. "ఇందాక నువ్వు వాణ్ణి అందుకున్నావు చూడు, అప్పుడే తేలికయింది. కాళ్లలో రక్తం కదిలింది. ఇలా ఇయ్యి. మెడ ఎలా పట్టుకోవాలో చూపించు."

ఫువాతీనో చూపించింది. ఎపెనేసా మొదట తప్పు పట్టుకుంది, తిట్లు తిని సరిగ్గా పట్టుకుంది. మనవడి ముఖం వంక ఐదు నెలల్లో మొదటిసారి అంతసేపు చూసింది.

"అత్తా, పెట్టె సర్దేశాను. సోమవారం..." అంది లోసా.

"సోమవారం నా వంతు" అంది ఎపెనేసా. స్తంభాల దగ్గర గుమిగూడిన కమిటీ వైపు తల ఎత్తింది. ఈల ఊదలేదు. "ఈ పిల్లాడికి తల నిలబడదు. నడవడు. మంగళవారం ఎవరైనా రాగలరా?"

ఆడవాళ్లు అలవాటు కొద్దీ కప్పు వంక చూడబోయారు. అందులో ఒకామె, అదే శ్రుతి లేని ఆమె, "నేనొస్తాను" అంది. ఇంకొకామె బుధవారం అంది. ఆ తర్వాత రోజుల కోసం వాళ్లలో వాళ్లు దెబ్బలాడుకున్నారు. ఎందుకూ పనికిరాని జనం, దానిక్కూడా దెబ్బలాటే.

ఫువాతీనో అదేదీ వినలేదు. చాప దగ్గరికి వెళ్లి అరచేత్తో తడిమింది. తల దగ్గర, తుంటి దగ్గర. చాప బల్లపరుపుగా ఉంది. ఎపెనేసా ఒడి చుట్టూ, స్తంభం మొదట్లో, తన ఒడిలో, అంతటా తడిమింది. ఎక్కడా లేదు. వెళ్లిపోయింది. తను ఇంకొకళ్ల పిల్లాడి వంక చూస్తున్న ఆ కాస్తలో, చెప్పకుండా వెళ్లిపోయింది.

లేచి నిలబడింది. పదకొండేళ్లు ముందు బరువు పెట్టుకుని వెనక్కి ఒరిగి నడిచిన మనిషికి, ఆ బరువు లేకుండా ఎలా నిలబడాలో తెలియలేదు. కాళ్ల కింద నేల జారిపోయింది. ఆడవాళ్లు మాటలు ఆపేసి నోళ్లు తెరుచుకుని చూశారు.

"చూస్తారేంటే, మొద్దు ముఖాల్లారా!" అంది ఫువాతీనో. "పడిపోతున్నాను. పట్టుకోండి నన్ను."

పట్టుకున్నారు.